మందుల చీటీ: మొదటి పెన్ను ధరతో లెక్క తేలదు

(గుంటూరు కొత్తపేటలో చాలా ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టు పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చే శీర్షిక)

2026 సంక్రాంతి వెళ్లగానే వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించే ఉన్నాయి. అరిసెలు అయిపోయాయి, అద్దం ముందు నిలబడే రోజులు వచ్చాయి. ఈసారి శీర్షిక అంతా వాటికే ఇస్తున్నాను.

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాను. చీటీ చదివి, మందు తీసిచ్చి, బిల్లు కొట్టే మనిషిని. ఈ మందు మీకు పడుతుందా లేదా అన్నది డాక్టరు చూసి తేల్చాలి. దాన్ని మీరు ఎన్నాళ్లు కొనగలరన్నది మాత్రం డాక్టరు గదిలో ఎవరూ అడగరు. ఆ ప్రశ్న నా కౌంటరు దగ్గరికి వస్తుంది, అదీ మూడో పెన్నో నాలుగో పెన్నో (ఈ ఇంజెక్షన్ పెన్ను రూపంలో వస్తుంది) కొనేటప్పుడు వస్తుంది.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. ఐదేళ్లుగా షుగరు. మూడు నెలల సగటు 8.1 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఒక మాత్ర వాడుతున్నాను. రెండో అంతస్తులో క్లాసుకు వెళ్లాలంటే మోకాళ్లు పట్టేసి మధ్యలో ఆగాల్సి వస్తోంది. సూర్యారావుపేటలో డాక్టరు గారు మౌంజారో పెన్ను రాశారు. షాపులో నెలకు 13 వేలు అన్నారు. మావారు "ఆర్నెల్లకు 80 వేలు, పీఎఫ్‌లోంచి తీద్దాం, తగ్గాక ఆపేద్దువుగానిలే" అంటున్నారు. ఇద్దరి జీతాలూ కలిపి 85 వేలు. పెద్దబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈ ఖర్చు పెట్టవచ్చా?
– ఒక టీచరు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీవారికి మీ మీద ఉన్న ప్రేమలో లోపం లేదు. ఆయన లెక్కలోనే ఉంది.

షాపులో చెప్పిన 13 వేలు 2.5 మిల్లీగ్రాముల పెన్ను ధర. కచ్చితంగా చెప్పాలంటే 13,125. 2025 సెప్టెంబరులో మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గాక వచ్చిన రేటు అది. కానీ ఆ డోసు ఒంటికి మందు అలవాటు కావడానికి ఇచ్చేది. నాలుగు వారాలయ్యాక 5 మిల్లీగ్రాములకు వెళ్తారు, దాని ధర సుమారు 16,400. అక్కడినుంచి డాక్టరు చూసుకుంటూ 7.5కి, 10కి తీసుకెళ్తే పెన్ను సుమారు 20,500. ఇంకా పైకి, 12.5కో 15కో వెళ్తే 25,800 దరిదాపులు. అందరూ పైదాకా వెళ్లక్కర్లేదు. అయినా ఎవరూ కింది మెట్టు మీదే ఉండిపోరు కాబట్టి ఆ మెట్టు ధరతో ఆర్నెల్లను గుణించకూడదు.

ఇంకోటి. పెన్నులో నాలుగు డోసులు, వారానికి ఒకటి. అంటే 28 రోజులకు ఒక పెన్ను. ఏడాదికి 12 కాదు, 13 కొనాలి. మా దగ్గర ఈ పదమూడో పెన్ను దగ్గర చాలామంది "నిన్న కాక మొన్నేగా తీసుకెళ్లింది" అంటారు. మీరు 10 మిల్లీగ్రాముల దగ్గర ఆగారనుకుందాం. మొదటి ఏడాది మొత్తం రెండు లక్షల 55 వేలు. రెండో ఏడాది రెండు లక్షల 66 వేలు. మూడో ఏడాదీ అంతే. మూడేళ్లకు ఏడు లక్షల 88 వేలు. ఇందులో డాక్టరు ఫీజులు లేవు, పరీక్షలు లేవు.

"మూడేళ్లు ఎందుకు, తగ్గాక ఆపేస్తాంగా" అని మీవారు అంటారు. అసలు మెలిక అక్కడే ఉందమ్మా. ఈ మందు తిండి తర్వాత పేగుల్లో పుట్టే రెండు హార్మోన్లను అనుకరిస్తుంది. ఆకలి తగ్గుతుంది, పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది. మందు ఒంట్లో ఉన్నన్నాళ్లే ఆ పని చేస్తుంది. సర్మౌంట్-4 అనే ట్రయల్ (మందును మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనం) ఫలితాలు 2023 డిసెంబరులో వచ్చాయి. షుగరు లేని లావుపాటి మనుషులకు 36 వారాలు ఇదే మందు ఇచ్చారు, సగటున 20.9 శాతం బరువు తగ్గారు. అప్పుడు సగం మందికి వాళ్లకు తెలియకుండా మందు లేని ఉత్త ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఇంకో ఏడాదికి వాళ్ల బరువు 14 శాతం తిరిగి పెరిగింది. మందు కొనసాగించినవాళ్లు ఇంకో 5.5 శాతం తగ్గారు. రెండు గుంపులకూ తిండి, వ్యాయామం సలహాలు ఒకటే. కాబట్టి ఆపాక పెరిగితే మీలో పట్టుదల లేదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, దానికి మనం ఎవరినీ తిట్టం కదా.

షుగరు ఉన్నవాళ్లకు బరువు కాస్త తక్కువే తగ్గుతుందన్న సంగతి ప్రకటనల్లో పెద్దగా కనపడదు. షుగరున్నవాళ్ల మీద చేసిన సర్మౌంట్-2లో 10 మిల్లీగ్రాములకు 72 వారాల్లో సగటు తగ్గుదల 12.8 శాతం. మీ 92 కిలోల్లో అది 12 కిలోలకు కాస్త తక్కువ. 72 వారాలకు 18 పెన్నులు, మూడు లక్షల 57 వేలు. కిలోకు 30 వేల పైన పడింది. ఈ మాట విని మందుని తిట్టకండి, ఎందుకంటే మీకు దాని మేలు కిలోలు తగ్గించడంతోనే ఆగదు. అదే ట్రయల్లో మూడు నెలల షుగరు సగటు రెండు పాయింట్ల దాకా పడింది. మీ 8.1 ఆరుకు దగ్గరగా రావడమంటే కళ్లకు, కిడ్నీలకు, కాళ్ల నరాలకు చాలా విలువ ఉంటుంది. పన్నెండు కిలోలు దిగితే మోకాళ్లు కూడా మీ మాట వింటాయి. అందుకే మీ కేసులో ఈ మందు వృథా ఖర్చు అనను.

ఇప్పుడున్న మాత్రల ఖర్చు మిగులుతుందిగా అని కొందరు లెక్క చూపిస్తారు. ఆ ఆశ పెట్టుకోకండి. మీరు వాడే షుగరు మాత్రలు మన షాపుల్లో చవగ్గా దొరికేవే, ఒకటి మానేసినా నెలకు రెండొందలు కూడా మిగలవు. గ్లిమెపిరైడ్ సంగతి మాత్రం డబ్బు కోసం కాకుండా ఇంకో కారణానికి చెప్పాలి. గ్లిమెపిరైడ్ డోసు తగ్గించకుండా ఈ ఇంజెక్షన్ మొదలుపెడితే షుగరు మరీ పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందే డాక్టర్ని అడగండి.

చీటీలో రాయని ఖర్చులు కొన్ని ఉన్నాయి. మొదలుపెట్టే ముందు కంటి రెటీనా చూపించుకోండి. షుగరు ఒక్కసారిగా కిందికి దిగినప్పుడు, అప్పటికే రెటీనా దెబ్బతిని ఉంటే అది ముదిరే అవకాశం ఉంది. మూడు నెలలకోసారి షుగరు సగటు, అప్పుడప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష). బరువు వేగంగా తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కుడి డొక్కలో నొప్పి వస్తే స్కానింగు తప్పదు. ఇంకా, నవ్వకండి, జాకెట్లన్నీ మళ్లీ కుట్టించాలి. మా షాపుకొచ్చే ఒకావిడ బంగారు గాజులు జారిపోతున్నాయని రెండుసార్లు తగ్గించి చేయించుకుంది, తరుగూ మజూరీ కలిపి ఒక పెన్ను ధర అయిందట.

ఇక మీరు అడిగినదానికి సూటిగా వస్తాను. నెలకు సగటున 22 వేలు అంటే మీ ఇంటి రాబడిలో నాలుగో వంతు దాటింది. అదీ అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజులు మొదలయ్యే ఏడాది. పీఎఫ్ తీసి ఆర్నెల్లు వాడి ఆపేస్తే డబ్బూ పోతుంది, కిలోలూ తిరిగొస్తాయి. అది నాకు అస్సలు నచ్చని దారి. మీ డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లి ఈ మాటలు అడగండి: "5 మిల్లీగ్రాముల దగ్గరే ఆగితే నా షుగరుకు సరిపోతుందా? రెండు మూడు నెలలు ఆగితే ప్రమాదమా? ఈలోగా వేరే మాత్రతో నెట్టుకురావచ్చా?" డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగరుతోపాటు రెండు మూడు కిలోలు తగ్గిస్తాయి. పేటెంట్ (ఒక్క కంపెనీకే ఉండే తయారీ హక్కు) పోయాక అవి బాగా చవకయ్యాయి. మీకు పడతాయో లేదో ఆయన చెప్తారు.

ఆగమని ఎందుకంటున్నానంటే, ఇదే కుటుంబానికి చెందిన సెమాగ్లుటైడ్ (వెగోవీలో ఉండే మందు) మీద మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్ కంపెనీలతో సహా చాలామంది తమ రకాలతో సిద్ధమయ్యారు. ఇలాంటిది ముందూ చూశాం. సిటాగ్లిప్టిన్ అనే షుగరు మాత్ర పేటెంట్ 2022 జులైలో అయిపోయాక, నలభై రూపాయల చుట్టూ ఉండే మాత్ర పది పదిహేనుకు దొరకడం మొదలైంది. ఇంజెక్షన్ పెన్ను తయారీ మాత్రంత సులువు కాదు కాబట్టి అంత దిగుతుందని అనుకోకండి, కానీ దిగుతుంది. మీ హద్దు ముందే గీసుకోండి. ఇంటి రాబడిలో పదో వంతు, అంటే 8,500. ఆ రేటుకు మందు వచ్చిన రోజున, మూడేళ్లు ఆపకుండా కొనగలమనుకుంటే మొదలుపెట్టండి. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ పేటెంట్ మాత్రం ఇప్పట్లో పోదు.

మొదలుపెట్టిన రోజున పెన్నులు ఒక్కొక్కటే కొనండి. మూడు కొంటే డిస్కౌంట్ ఇస్తామంటారు. రెండో వారానికే వాంతులు పట్టుకుని డాక్టరు డోసు మార్చినా, మందు ఆపినా ఫ్రిజ్‌లో ఉండాల్సిన సరుకు ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు. నేనూ తీసుకోను.

ప్రశ్న: వయసు 36, షుగరు లేదు. వెగోవీ ఐదు నెలలు వాడి 88 నుంచి 74 కిలోలకు వచ్చాను. మా మిర్చి వ్యాపారం దెబ్బతినడంతో నవంబరులో ఆపేశాను. ఆకలి తట్టుకోలేకపోతున్నాను, ఇప్పటికే నాలుగు కిలోలు పెరిగాను. డబ్బు సర్దుబాటైనప్పుడు ఒక్కో పెన్ను కొని వాడితే తప్పా? రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పు అనే మాట వద్దులే అమ్మా, నష్టం అందాం. మీ వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్ మీద చేసిన స్టెప్-1 ట్రయల్లో 68 వారాలకు సగటున దాదాపు 15 శాతం తగ్గారు. తర్వాత అందులో కొందరిని మందు ఆపి ఏడాది పాటు గమనిస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగింది. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగారంటే, చాలామందికి జరిగేదే మీకూ జరిగింది.

డబ్బున్నప్పుడు ఒక పెన్ను, లేనప్పుడు ఖాళీ అనే పద్ధతి అన్నిటికంటే ఖరీదైనది. రెండు నెలలు ఆగాక పాత డోసు మళ్లీ వేసుకోకూడదు. పొట్ట తట్టుకోదు, వాంతులతో ఆసుపత్రి పాలు కావచ్చు. చిన్న డోసు నుంచి మళ్లీ ఎక్కాలి, పూర్తి డోసుకు చేరేసరికి 16 వారాలు. పని బాగా చేయని ఆ మొదటి నెలల డోసులనే మీరు ప్రతిసారీ డబ్బిచ్చి కొంటారన్నమాట.

రెండో నష్టం కంటికి కనపడదు. తగ్గిన బరువంతా కొవ్వు కాదు. సెమాగ్లుటైడ్ ట్రయల్లో ఒంటి కొలతలు తీసిన కొద్దిమందిలో, పోయినదాంట్లో దగ్గరదగ్గర 40 శాతం కొవ్వు కానిదే. అందులో కండ కూడా ఉంది. తిరిగి పెరిగేటప్పుడు కండ అంత సులభంగా రాదు, కొవ్వు వస్తుంది. తగ్గడం, పెరగడం రెండుమూడుసార్లు జరిగితే త్రాసు మీద పాత బరువే కనపడుతుంది, ఒంట్లో బలం మాత్రం తక్కువ ఉంటుంది. దీనికి మందు లేదు. బరువులెత్తే వ్యాయామం, మాంసకృత్తులు, అంతే. వారానికి రెండు మూడు రోజులు ఇంట్లో డంబెల్స్ చాలు, లేదంటే ఎన్టీఆర్ స్టేడియంలో వాకింగ్‌కు వచ్చేవాళ్లను అడగండి, చెప్పేవాళ్లు దొరుకుతారు. పూటకో గుడ్డో, పెసరట్టో, చేపో, గట్టి పప్పో ఉండాలి. మన ఇళ్లల్లో పప్పు అంటే నీళ్లలో పప్పును వెతుక్కోవడం, అది కాదు నేను చెప్పేది. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పౌడర్ నా షాపులోనూ ఉంది. గుడ్లు కొనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర రాశారు. బిడ్డ కోసం ప్రయత్నించాలనుకుంటే సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపి ఉండాలి. మీరు ఇప్పటికే ఆపారు. ఆ ఆలోచన గట్టిదైతే ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టి, నాలుగు నెలల తర్వాత మళ్లీ ఆపడంలో అర్థం లేదు. ఆ డబ్బు పురిటి ఖర్చులకు దాచండి. లేడీ డాక్టర్ని కలిసినప్పుడు ఐదు నెలలు ఏం వాడారో బిల్లుతో సహా చూపించండి.

ప్రశ్న: నా వయసు 27, ఎత్తు 174, బరువు 84. ఏ జబ్బూ లేదు. వైశాఖంలో పెళ్లి. జిమ్‌లో ఒకాయన చీటీ లేకుండా నెలకు 5 వేలకే సెమాగ్లుటైడ్ వయల్స్ (చిన్న మందు సీసాలు) ఇస్తానంటున్నాడు. పెళ్లి అయ్యాక ఆపేస్తాను. ఖర్చు తక్కువే కదా అంకుల్?
– ఒక పెళ్లికొడుకు, తెనాలి

జవాబు: వద్దు బాబూ.

ఇది చీటీ మీద అమ్మే మందు. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి బీపీ, షుగరు లాంటి జబ్బు ఉన్నవాళ్లకు రాస్తారు. నీది 27.7, జబ్బు లేదు. ఇవాళ మొదలుపెడితే పూర్తి డోసుకు చేరేసరికే పెళ్లి పందిరి పడుతుంది. పెళ్లి ఫోటోల్లో నీ ముఖం వికారంతో ఉండాలన్న సరదా ఉంటే వేరే విషయం. ఆపాక ఏమవుతుందో పై ఇద్దరికీ రాశాను, చదువు.

ఆ 5 వేల వయల్ సంగతి. నకిలీ సెమాగ్లుటైడ్ తిరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరించింది. జిమ్ బ్యాగులో, ఫ్రిజ్ లేకుండా, బిల్లు లేకుండా, బ్యాచ్ నంబరు లేకుండా తిరిగే సీసాలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. పెళ్లి ముందు వారం నిన్ను ఆసుపత్రిలో చేర్చాల్సొస్తే మీ నాన్న ఏం కట్టాలో, దాన్ని కూడా ఆ 5 వేలకు కలుపుకో. నీ వయసుకు, నీ బరువుకు రాత్రి బిర్యానీలు మాని, అన్నం ఒక పూట చేసి, రోజూ చెమట పట్టేలా కదిలితే వైశాఖానికి షేర్వాణీ చక్కగా పడుతుంది.

ప్రశ్న: విశ్రాంత ఉద్యోగిని, 61 ఏళ్లు. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. షుగరు లేదు, బీఎంఐ 31. కార్డియాలజిస్టు వెగోవీ గురించి చెప్పారు. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వమన్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి "నేను పంపిస్తా నాన్నా, మొదలుపెట్టు" అంటున్నాడు. కొడుకు డబ్బుతో ఇంత ఖరీదైన మందు వాడటం అవసరమా అనిపిస్తోంది.
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, ఇన్సూరెన్స్ వాళ్లు కాదనడంలో వింత లేదు. ఎక్కువ పాలసీల్లో మినహాయింపుల పట్టీలో "ఊబకాయం, బరువు నియంత్రణ" అని ఒక లైను ఉంటుంది, దాని కోడ్ ఎక్స్‌క్లూజన్ 06. అందులోంచి బయటపడే దారి ఆపరేషన్ ఒక్కటే. అదీ బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి గుండె జబ్బు, అదుపుకాని షుగరు లాంటివి ఉంటే. మీకు అది వర్తించదు. పైగా ఇంటి దగ్గర వాడే మందులకు మామూలు పాలసీ ఎలాగూ పైసా ఇవ్వదు.

మీకూ పై ముగ్గురికీ ఒక తేడా ఉంది. 45 ఏళ్లు దాటి, గుండె జబ్బు ఉండి, షుగరు లేక, బీఎంఐ 27 లేదా ఆపైన ఉన్న 17,604 మంది మీద వెగోవీలోని మందుతోనే సెలెక్ట్ అనే ట్రయల్ చేశారు, 2023 నవంబరులో ఫలితాలు వచ్చాయి. అంటే చాలావరకు మీలాంటివాళ్లు. సగటున 40 నెలలు చూశాక గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయి. ఈ 20 శాతాన్ని విప్పి చూడాలి. ఉత్త ఇంజెక్షన్ తీసుకున్న వందమందిలో ఎనిమిది మందికి అలాంటి గండం వచ్చింది, మందు తీసుకున్న వందమందిలో ఆరున్నర మందికి. వందమంది వాడితే ఒకటిన్నర మందికి తప్పిందన్నమాట. గుండె మందుల్లో ఇది చిన్న లాభమేమీ కాదు. అలాగని మీకు వచ్చి తీరుతుందని ఎవరూ రాసివ్వరు.

ఇప్పుడు ధర. వెగోవీ 2025 జూన్‌లో మన దేశానికి వచ్చినప్పుడు పూర్తి డోసు నెలకు 26,015. ఆ నవంబరులో కంపెనీ తగ్గించాక 16,400 అయింది. ఆ 40 నెలలకు ఈ రేటున 43 పెన్నులు, ఏడు లక్షలు. 2026 మార్చి తర్వాత ఇతర కంపెనీలవి వస్తే ఇది ఇంకా దిగుతుంది. మీరు ఇప్పుడు వాడే స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర), రక్తం పలచబరిచే మాత్ర నెలకు కొన్ని వందల్లో అయిపోతాయి. వాటిలో ఒక్కటి కూడా ఈ ఇంజెక్షన్ కోసం మానకూడదు, అవి చేసే మేలు దీనికంటే తక్కువ కాదు. నా షాపులో ఇది చూశాను: ఖరీదైన మందు మొదలుపెట్టగానే చవక మాత్ర మీద గౌరవం పోతుంది, "అంత పెడుతున్నాంగా, ఇదెందుకు" అని రోజు మార్చి రోజు వేస్తారు.

కొడుకు డబ్బు అన్న మొహమాటం నాకు అర్థమైంది. నేను చూసేది అతని స్తోమత కాదు, నిలకడ. అక్కడి ఉద్యోగాలు, వీసాలు ఎలా ఉన్నాయో రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. నెలనెలా పంపించే ఏర్పాటు మీద ఇలాంటి మందు నడపకండి. అబ్బాయితో ఫోన్లో ఇలా చెప్పండి: "40 నెలలకు ఏడు లక్షలు. నీకు నిజంగా ఇబ్బంది లేకపోతే రెండేళ్లకు సరిపడా ఒకేసారి నా పేరున డిపాజిట్ చెయ్, లేకపోతే ధర దిగేదాకా ఆగుదాం." అతను సరేనంటే, డాక్టరు చెప్పిన మందు కాబట్టి, మొహమాటం లేకుండా వాడండి. అక్కడినుంచి సూట్‌కేసులో మందు తెప్పించుకునే ఆలోచన మాత్రం వద్దు. దారిలో చల్లదనం పోతుంది, అక్కడి ధర ఇక్కడికంటే ఎక్కువే, ఏదైనా తేడా వస్తే అడిగే దిక్కుండదు.

మొదలుపెట్టే ముందు డాక్టరుతో రెండు మాటలు చెప్పాలి: ఇంట్లో రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ వాపు వచ్చిందా. ఉంటే ఈ లెక్కలదాకా రాకుండానే డాక్టరు మందే వద్దనవచ్చు.

ప్రశ్న: ఎండాకాలం కరెంటు పోతే ఫ్రిజ్‌లో ఉన్న మౌంజారో పెన్ను పాడవుతుందా? 16 వేలు మట్టిలో కలిసిపోతాయని టెన్షన్‌గా ఉంది.
– మంగళగిరి

జవాబు: రెండు మూడు గంటల కోతకు ఏమీ కాదు, తలుపు తీయకుండా ఉంచండి. తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడటం మొదలుపెట్టిన పెన్ను 30 డిగ్రీల లోపు అయితే బయటైనా 30 రోజులు ఉంచుకోవచ్చు. కానీ మే నెలలో మన దగ్గర 30 డిగ్రీల గది ఏసీ వేస్తే తప్ప ఉండదు, కాబట్టి వాడే పెన్ను కూడా ఫ్రిజ్‌లోనే పెట్టండి. డీప్ ఫ్రీజర్లో వద్దు, ఫ్రీజర్ కిందే ఉండే పై అరలోనూ వద్దు. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా అది పనికిరాదు. షాపు నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ అడిగి తీసుకోండి, పెన్నుకు అది నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. స్కూటర్ డిక్కీలో పెట్టి మధ్యలో పెళ్లి భోజనానికి ఆగకండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాయించుకోండి, పెన్ను మీద నంబరుతో అక్కడే కౌంటరు దగ్గర సరిచూసుకోండి.